చరిత్రపూర్వపు పెద్ద పిల్లుల శిలాజ ఎముకలను గుర్తించడం ఎలా?

పొడవైన కోరపన్ను ఫొటో ఒకటి చూపించి “ఇది కత్తికోరల పులిదేనా?” అని అడిగే పాఠకులు చాలామంది ఉన్నారు. ఒక్క ఫొటోతో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు గాని, ఎముకను చేతిలో పట్టుకొని ఓపికగా, ఒక క్రమంలో పరిశీలించేవారు తమంతట తామే చాలా దూరం వెళ్లగలరు. ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

గుర్తింపును ఎముక పరిమాణంతోగాని, కోర పొడవుతోగాని మొదలుపెట్టకూడదు. ముందుగా అది మార్జాల కుటుంబానికి చెందినదో కాదో తేలాలి. ఏ శాఖ, ఏ ప్రజాతి, ఏ జాతి అన్న ప్రశ్నలు ఆ తరువాత, అదే వరుసలో రావాలి. ఆ ఎముక ఏ మెట్టు వరకు సాక్ష్యం చెబుతుందో ఆ మెట్టు దగ్గరే మీరూ ఆగాలి. మహామహులు సైతం ఈ విషయంలో పొరబడ్డారు. చదునుగా ఉన్న పొడవాటి కోరలను 1824లో ఫ్రెంచి ప్రాణిశాస్త్రజ్ఞుడు కువియే ఎలుగుబంటి ప్రజాతిలో చేర్చాడు. బ్రెజిల్‌లోని లాగోవా సాంతా గుహల్లో దొరికిన దంతాలను పీటర్ విల్‌హెల్మ్ లుండ్ 1839లో దుమ్ములగొండివిగా భావించి, మరిన్ని అవశేషాలు చూశాక 1842లో ఆ జంతువుకు స్మైలోడాన్ (పేరుమోసిన కత్తికోరల పిల్లి ఇదే) అని పేరు పెట్టాడు. పొరబడినప్పుడు ఇద్దరి చేతిలోనూ ఉన్నవి విడి దంతాలే.

కావలసినవి

0.1 మిల్లీమీటరు వరకు చదవగలిగే వెర్నియర్ లేదా డిజిటల్ కాలిపర్స్, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మెత్తని బ్రష్షులు, వెదురు పుల్లలు, సెంటీమీటర్లు గుర్తించిన ఫొటో స్కేలు, పక్క నుంచి వెలుగు వేయడానికి చిన్న టార్చి, గట్టి అట్ట నోటుపుస్తకం, పెన్సిలు, ఎముకను కదలకుండా నిలబెట్టడానికి ఇసుక నింపిన చిన్న గుడ్డసంచి ఉంటే చాలు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది పోల్చి చూడడానికి తెలిసిన ఎముక. మ్యూజియంలో సింహం, పులి, చిరుతపులి, తోడేలు, ఎలుగుబంటి, దుమ్ములగొండి ఎముకలను చూసే అవకాశం ఉంటే తప్పక వినియోగించుకోవాలి. లేనివారికి మార్ఫోసోర్స్ వంటి వెబ్‌సైట్లలో ఉన్న 3డి నమూనాలు బాగా ఉపయోగపడతాయి. వాటిని కంప్యూటరు తెరపై ఏ కోణంలోనైనా తిప్పి చూడవచ్చు. పుస్తకాల్లోని ఒక వైపు బొమ్మలతో సరిపెట్టుకోవద్దని నా గట్టి సలహా.

దశలు

1. ఎముక ఇంకా నేలలోనే ఉంటే దానిని కదిలించకండి. ఏ పొరలో, ఏ లోతులో, ఏ ఎముకల పక్కన ఉన్నదో స్కేలు పెట్టి ఫొటోలు తీసి, స్థానాన్ని జీపీఎస్‌తో నమోదు చేయండి. పొర సమాచారం పోయిన ఎముకకు కాలం చెప్పడం కష్టం, కాలం తెలియకపోతే సగం గుర్తింపు పోయినట్లే. చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. చాలా దేశాల్లో వెన్నెముక గల జంతువుల శిలాజాలను అనుమతి లేకుండా తీయడం నేరం. ఉదాహరణకు అమెరికాలో ఫెడరల్ భూముల మీద అటువంటి సేకరణకు 2009 నాటి చట్టం ప్రకారం అనుమతిపత్రం ఉండాలి.

2. ఎముక ఇప్పటికే మీ దగ్గర ఉంటే, పొడి బ్రష్షుతో మాత్రమే మట్టి తొలగించండి. నీటిలో నానబెడితే మట్టితో పాటు ఎముక పైపొర కూడా ఊడిపోయే ప్రమాదం ఉంది. ఇనుప సూదులు, కత్తులు వాడితే కోరల అంచున ఉండే సన్నని రంపపు పళ్లు చెరిగిపోతాయి, లేదా మీ సూది గీతలే రేపు కోతగుర్తులుగా భ్రమింపజేస్తాయి. పొడిపొడిగా రాలుతున్న ఎముకకు అసిటోన్‌లో పలుచగా కరిగించిన పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను పూయవచ్చు. అవసరమైతే దానిని మళ్లీ కరిగించి తీసివేయవచ్చు గనుక మ్యూజియంలు దానినే ఇష్టపడతాయి. అసిటోన్ త్వరగా అంటుకుంటుంది, కాబట్టి గాలి ఆడే చోట, మంటకు దూరంగా ఆ పని చేయండి. గుహల్లోగాని, గడ్డకట్టిన నేలలోగాని దొరికిన ఎముకకు ఏ పూతా వేయకండి. దానిలో డీఎన్‌ఏ, కొల్లాజెన్ మిగిలి ఉండవచ్చు, పూత ఆ పరీక్షలను చెడగొడుతుంది. వార్నిషు, ఇంట్లో వాడే జిగురు ఏ ఎముకకూ పనికిరావు.

3. అది నిజంగా పాత ఎముకేనా అని చూడండి. ఖనిజాలు చేరిన ఎముక సాధారణంగా బరువుగా, రాయిలా చల్లగా ఉంటుంది. తట్టినప్పుడు మోత గట్టిగా వినిపిస్తుంది. అయితే ఈ పరీక్ష అన్ని చోట్లా పనిచేయదు. లాస్ ఏంజెలెస్‌లోని రాంచో లా బ్రియాలో దొరికే ఎముకలు రాయిగా మారలేదు. అవి తారు ఇంకి ముదురు గోధుమ రంగుకు తిరిగిన అసలు ఎముకలే. గడ్డకట్టిన నేలలో దొరికే మంచుయుగపు గుహా సింహం ఎముకలు మరీ తాజాగా కనిపిస్తాయి. మంటపెట్టి వాసన చూడడం, నాలుకకు అంటించి చూడడం వంటి చిట్కాలు ఎముకకూ మంచివి కావు, మీకూ మంచివి కావు. కొవ్వు వాసన, ఎండిన కండర తంతువులు, కత్తితో కోసిన శుభ్రమైన అంచులు కనిపిస్తే అది ఇటీవలి జంతువు ఎముక కావచ్చు. పులి, చిరుతపులి, జాగ్వార్ ఎముకల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ) ఒప్పందం నిషేధించింది. అనుమానం ఉంటే అటువంటి ఎముకను అటవీ అధికారుల దృష్టికి తీసుకెళ్లాలి.

కొన్న వస్తువైతే నకిలీ పరీక్ష కూడా చేయాలి. రెసిన్‌తో పోతపోసిన కోరల మీద అచ్చు కలిసిన గీత, భూతద్దంలో చిన్న గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. విరిగిన చోట నిజమైన కోరలో పైన సన్నని ఎనామిల్ పొర, లోపల డెంటిన్, మధ్యలో గుజ్జుకుహరం వేరువేరుగా తెలియాలి. రంగు లోపలి దాకా ఒకేలా ఉంటే అనుమానించండి. మార్కెట్‌కు వచ్చే పూర్తి పుర్రెల్లో ప్లాస్టర్‌తో నింపినవి, రెండు మూడు జంతువుల ముక్కలు అతికించినవి ఉంటాయి. అతినీలలోహిత కాంతిలో కొత్త జిగురు, కొత్త పూత అసలు ఎముకకన్నా భిన్నంగా మెరుస్తాయి.

4. ఏ ఎముక, ఏ పక్కది, ఏ వయసుది అన్నది రాసుకోండి. పొడవైన ఎముకల చివరలు కాండంతో అతుక్కోకుండా విడిగా ఉంటే, లేదా అతుకు గీత ఇంకా కనిపిస్తుంటే, అది ఎదుగుతున్న జంతువుది. దాని కొలతలను పెద్ద జంతువు కొలతలతో పోల్చకూడదు. దవడలో పాలపళ్లు ఉన్నా ఇదే హెచ్చరిక. కత్తికోరల పిల్లుల పిల్లలకు పాలకోరలు కూడా పొడవుగానే ఉండేవి. స్మైలోడాన్ శాశ్వత కోర నెలకు సుమారు 6 మి.మీ. చొప్పున బయటికి పెరిగిందని పరిశోధనలు తేల్చాయి. అంటే పాక్షికంగా వచ్చిన కోరను పొట్టి కోరల జాతిదిగా పొరబడే అవకాశం చాలా ఎక్కువ.

5. ఇప్పుడు అసలు ప్రశ్న: ఇది మార్జాలమేనా? దవడ దొరికినవారు అదృష్టవంతులు, ఎందుకంటే ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడే భాగం మరొకటి లేదు. పిల్లులకు పై దవడలో ఒక్కో పక్క మూడు కుంతకాలు, ఒక కోర, మూడు అగ్రచర్వణకాలు, ఒక చర్వణకం ఉంటాయి. కింది దవడలో మూడు కుంతకాలు, ఒక కోర, రెండు అగ్రచర్వణకాలు, ఒకే ఒక చర్వణకం ఉంటాయి. మొత్తం 30. తోడేలుకు, ఎలుగుబంటికి సాధారణంగా 42, దుమ్ములగొండికి 34.

పళ్లు రాలిపోయినా నిరాశపడనక్కర్లేదు, పళ్ల గుంటలు లెక్కపెట్టండి. పిల్లి కింది దవడలో కోర వెనుక కొంత ఖాళీ, ఆ తరువాత ఆరు వేరుగుంటలు వరుసగా ఉంటాయి. మూడు పళ్లకు రెండేసి వేర్లు అన్నమాట. తోడేలు దవడలో ఈ సంఖ్య పన్నెండు, దుమ్ములగొండి దవడలో ఎనిమిది. స్మైలోడాన్‌లో ఖాళీ వెనుక ఉన్న మొదటి పన్ను చాలాసార్లు బాగా చిన్నదై ఉంటుంది, లేదా పూర్తిగా లోపిస్తుంది. అందువల్ల ఆరుకన్నా తక్కువ గుంటలు కనిపిస్తే కంగారుపడక ఆ అవకాశాన్ని గుర్తుంచుకోండి.

పన్ను ఉంటే కింది చర్వణకాన్ని పక్క నుంచి చూడండి. అందులో రెండే రెండు పదునైన పలకలు, వాటి మధ్య వి ఆకారపు గాడి ఉంటాయి. పై దవడలోని నాలుగో అగ్రచర్వణకంతో కలిసి ఇది కత్తెరలా మాంసాన్ని కోస్తుంది. ఈ జతనే కార్నేషియల్ దంతాలంటారు. తోడేలు పన్నులో ఈ పలకల వెనుక నమలడానికి పనికివచ్చే వెడల్పైన మడమ భాగం స్పష్టంగా ఉంటుంది, పిల్లిలో అది ఉండదు. ఎలుగుబంటి చర్వణకాలు గుండ్రని మిట్టలతో తక్కువ ఎత్తులో, వెడల్పుగా ఉంటాయి గనుక వాటితో గందరగోళం రాదు. ఇబ్బంది పెట్టేది దుమ్ములగొండి. మచ్చల దుమ్ములగొండి కింది కార్నేషియల్‌లో మడమ భాగం బాగా తగ్గిపోయి, ఒంటరిగా చూస్తే పిల్లిదనిపిస్తుంది. అప్పుడు ముందున్న అగ్రచర్వణకాలను చూడాలి. ఎముకలు పగలగొట్టే దుమ్ములగొండికి అవి లావుగా, శంకువు ఆకారంలో ఉండి, మొనలు బాగా అరిగి ఉంటాయి. పిల్లికి అవి పక్కల నుంచి నొక్కినట్లు సన్నగా ఉంటాయి.

6. కోర ఒక్కటే దొరికితే దాని అడ్డుకోత ఆకారం చూడండి. పొడవు తరువాత సంగతి. సింహం, పులి, చిరుతపులి వంటి పాంథెరా శాఖలో కోర అడ్డుకోత గుండ్రంగా లేదా కొద్దిగా కోలగా ఉంటుంది, పైనున్న ఎనామిల్ మీద నిలువుగా సన్నని గాడులు కనిపిస్తాయి. ఎలుగుబంటి కోరకు అటువంటి గాడులు ఉండవు, దాని వేరుతో పోలిస్తే పైభాగం పొట్టిగా ఉంటుంది. కత్తికోరల శాఖలో పైకోర రెండు పక్కల నుంచి చదునుగా ఉంటుంది. అది రుజువైతే టార్చిని పక్కగా పట్టి, ముందు, వెనుక అంచులను భూతద్దంతో పరీక్షించండి. హోమోథీరియం అనే కత్తికోరల పిల్లిలో కోర మరీ పొడవుండదు, బాగా చదునుగా, అంచు వెంబడి ముతక రంపపు పళ్లతో ఉంటుంది. స్మైలోడాన్‌లో కోర పొడవుగా వంగి ఉంటుంది, రంపపు పళ్లు చాలా సన్నవి. మెగాంటెరియాన్ అనే మరో కత్తికోరల పిల్లిలో కోర పొడవుగా ఉన్నా అంచు సాధారణంగా నున్నగానే ఉంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన స్మైలోడాన్ పాపులేటర్‌లో పైకోర వేరుతో కలిపి సుమారు 28 సెం.మీ. వరకు ఉండేది.

ముసలి జంతువు కోరల్లో సన్నని రంపపు పళ్లు అరిగిపోతాయి. కాబట్టి రంపపు పళ్లు కనిపించడం ఆధారమే గాని, కనిపించకపోవడం ఆధారం కాదు. కింది కోరలకు పై నియమాలు వర్తించవు, కత్తికోరల పిల్లుల్లో అవి చిన్నవే.

కోరలా కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. వేరు అసలు లేకుండా అడుగున బోలుగా ఉన్న శంకువు ఆకారపు పన్ను మొసలిది కావచ్చు. అడ్డుకోత త్రికోణంగా ఉండి, ఒక పక్కన ఎనామిల్ లేకుంటే అడవిపంది కోర కావచ్చు. కత్తికోర ఉన్న ప్రతిదీ పిల్లి కాదన్నది అన్నిటికన్నా పెద్ద విషయం. అమెరికాలోని వైట్ రివర్ పొరల్లో దొరికే హోప్లోఫోనియస్ నిమ్రావిడ్ అనే వేరే మాంసాహార కుటుంబానికి చెందినది, నిజమైన పిల్లి కాదు. అర్జెంటీనాలోని థైలాకోస్మైలస్ ఇంకా దూరపుది. అది కంగారూ వంటి మార్సూపియల్ (సంచి) జంతువులకు దగ్గరి బంధువు. దాని కోరకు వేరు మూసుకోదు, జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. వేరు కొన తెరుచుకొని ఉన్నదా, మూసుకొని ఉన్నదా అని చూడడం అందుకే అలవాటు చేసుకోవాలి. అయితే పిల్లుల్లో కూడా లేత వయసు కోర కొన తెరిచే ఉంటుందని మరువవద్దు.

7. దవడ, పుర్రె ఆకారాన్ని పరిశీలించండి. కత్తికోరల పిల్లుల కింది దవడ ముందుభాగం నిలువుగా, కోణంగా ఉంటుంది. మెగాంటెరియాన్ వంటి వాటిలో గడ్డం దగ్గర కిందికి దిగిన పలక కూడా ఉంటుంది. దవడ వెనుక భాగంలో కండరం పట్టుకునే పైమొన పాంథెరాలో ఎత్తుగా, కత్తికోరల పిల్లుల్లో పొట్టిగా ఉంటుంది. నోరు బాగా తెరవడానికి ఆ మార్పు వచ్చింది. పుర్రె అడుగున చెవి దగ్గర బుడగలా ఉబ్బిన ఎముక విరిగి ఉంటే దానిని వృథా అనుకోకండి. నిజమైన పిల్లుల్లో ఆ గది లోపల ఎముక గోడ ఒకటి దానిని రెండు భాగాలు చేస్తుంది. నిమ్రావిడ్‌లలో ఆ గోడ లేదు, లేదా అసంపూర్ణం. రెండు కుటుంబాలను విడదీసే మంచి గుర్తుల్లో ఇది ఒకటి.

8. కాళ్ల ఎముకలు దొరికినవారు భుజాస్థి కింది చివర చూడండి. మోచేతికి కాస్త పైన, లోపలి వైపు కోలగా ఒక రంధ్రం ఉంటుంది. నాడి, రక్తనాళం దానిగుండా వెళతాయి. పిల్లుల్లో ఈ రంధ్రం తప్పక ఉంటుంది. తోడేలులో, దుమ్ములగొండిలో ఇది ఉండదు. వాటికి కీలుకు సరిగ్గా పైన, మధ్యలో వేరొక రంధ్రం కనిపిస్తుంది. ఎలుగుబంట్లలో ఎక్కువ వాటికి ఏదీ ఉండదు గాని, అమెరికా ఖండాలకు చెందిన పొట్టిముఖం ఎలుగుబంట్లలో, వాటి బంధువైన కళ్లజోడు ఎలుగుబంటిలో లోపలి వైపు రంధ్రం ఉంటుంది. కాబట్టి అమెరికాలో దొరికిన భారీ భుజాస్థికి రంధ్రం ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు. ఆ సన్నని ఎముక కమ్మీ త్వరగా విరుగుతుంది గనుక, రంధ్రం కనిపించకపోతే అక్కడ విరిగిన అంచులు ఉన్నాయేమో చూసిన తరువాతే “లేదు” అని రాయండి.

వేళ్ల ఎముకలు చిన్నవైనా బాగా పనికివస్తాయి. పిల్లి నడిమి వేలి ఎముక ఒక పక్కకు ఒరిగి, ఒక వైపు చెక్కినట్లు పల్లంగా ఉంటుంది. గోరు ముడుచుకున్నప్పుడు ఆ పల్లంలో ఒదిగిపోతుంది. గోరు ఎముక ఎత్తుగా, పక్కల నుంచి నొక్కినట్లుండి, మొదట్లో గోరును చుట్టే ఎముక తొడుగు ఉంటుంది. ఈ తొడుగును మాత్రమే చూసి పిల్లి అని తేల్చేయకండి. నేల మీద తిరిగిన భారీ స్లాత్‌ల (అంతరించిన శాకాహారుల) గోళ్లకూ తొడుగు ఉంటుంది, కానీ అవి చాలా పెద్దవి, పొడవైనవి. ఎలుగుబంటి గోరు ఎముక పొడవుగా, తక్కువ ఎత్తుతో ఉంటుంది. పాదంలోని పొడవైన ఎముకల్లో తోడేలువి ఒకదానికొకటి ఆనుకొని, అడ్డుకోతలో చదరంగా ఉంటాయి. పిల్లివి గుండ్రం వైపు మొగ్గుతాయి. ఎలుగుబంటివి పొట్టిగా, లావుగా ఉంటాయి.

కుటుంబం తేలాక శాఖను కూడా కాళ్లే చెప్పగలవు. రాంచో లా బ్రియాలో స్మైలోడాన్ ఫాటాలిస్, పాంథెరా అట్రాక్స్ (అంతరించిన అమెరికా సింహం) రెండూ దొరుకుతాయి, వాటి శరీర పరిమాణాల్లో పోలిక ఉంది. స్మైలోడాన్ భుజాస్థి లావుగా ఉంటుంది, దాని గోడ మందం ఎక్కువ, పాదపు ఎముకలు పొట్టివి. అట్రాక్స్ ఎముకలు పొడవుగా, సన్నగా, నేటి సింహం ఎముకలను పెద్దవి చేసినట్లు ఉంటాయి.

పక్కటెముక, విడి వెన్నుపూస, మోకాలి చిప్ప మాత్రమే ఉన్నవారు “పెద్ద మాంసాహారి” అన్న దగ్గర ఆగడం మంచిది.

9. పాంథెరా అని తేలితే, అందులో ఏది? ఇక్కడ తొందర పనికిరాదు. సింహం కింది దవడ అడుగు అంచు సాధారణంగా వంపు తిరిగి ఉంటుంది, బల్ల మీద పెట్టి కొద్దిగా నొక్కితే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పులి దవడ అంచు దాదాపు తిన్నగా ఉండి నిలకడగా కూర్చుంటుంది. పుర్రె పైభాగంలో, పులిలో ముక్కు ఎముకల వెనుక కొనలు పక్కనున్న పైదవడ ఎముకల కొనలను దాటి వెనక్కి వెళతాయి. సింహంలో అవి దాదాపు ఒకే వరుసలో ముగుస్తాయి. రెండు గుర్తుల్లోనూ మినహాయింపులున్నాయి, కాబట్టి రెండూ కలిసి ఒకే మాట చెప్పినప్పుడే నమ్మండి. గుహా సింహం, అట్రాక్స్ రెండూ నేటి సింహానికి దగ్గరి బంధువులని డీఎన్‌ఏ పరిశోధనలు చూపించినా, వాటి పుర్రెల్లో సొంత లక్షణాలు ఉన్నాయి. అందువల్ల నేటి సింహం పుర్రె ఒక్కదానినే ప్రమాణంగా తీసుకోకూడదు.

10. కొలతలు తీసుకోండి. కింది కార్నేషియల్ దంతం పొడవును ఎనామిల్ ముందు అంచు నుంచి వెనుక అంచు వరకు, పన్ను వరుసకు సమాంతరంగా కొలవాలి. మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాసుకోండి. నేటి చిరుతపులిలో ఈ కొలత ఎక్కువగా 20 మి.మీ. లోపు ఉంటుంది. సింహంలో సుమారు 25 మి.మీ., అంతకు పైన ఉండడం సాధారణం. ఆడ, మగ జంతువుల తేడా పెద్ద పిల్లుల్లో చాలా ఎక్కువ గనుక ఈ అంకెలు దారి చూపుతాయే తప్ప తీర్పు చెప్పవు. ఆడ సింహం, పెద్ద మగ జాగ్వార్ కొలతలు దగ్గరికి వస్తాయి.

11. కాలం, ప్రదేశం మీ గుర్తింపుతో కుదురుతున్నాయా చూడండి. స్మైలోడాన్ అమెరికా ఖండాలు దాటి ఎక్కడా దొరకలేదు. ఆసియాలో లేదా ఐరోపాలో దొరికిందని చెప్పే “స్మైలోడాన్” కోర మరో జంతువుదైనా అయి ఉండాలి, నకిలీ అయినా అయి ఉండాలి. హోమోథీరియం ఆఫ్రికా, యూరేషియా, రెండు అమెరికాల్లోనూ జీవించింది. మెగాంటెరియాన్, డైనోఫెలిస్ (ఇదీ అంతరించిన పిల్లే) ఆఫ్రికా, యూరేషియా, ఉత్తర అమెరికాల్లో ఉండేవి. గుహా సింహం పశ్చిమ ఐరోపా నుంచి అలాస్కా, యూకాన్ వరకు వ్యాపించింది. ఉత్తర అమెరికాలో నిజమైన పిల్లులు సుమారు 1.85 కోట్ల సంవత్సరాల క్రితం నుంచే కనిపిస్తాయి. కనుక అంతకన్నా పాత పొరలోని కత్తికోరను నిమ్రావిడ్‌గా పరిగణించి మొదలుపెట్టండి. రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 సంవత్సరాల వరకే పనిచేస్తుంది. అంతకు మించినవాటికి పొర కాలమే ఆధారం.

12. పేరు రాయండి, కానీ ఎముక అనుమతించినంత వరకే. కుటుంబం మాత్రమే తెలిస్తే “ఫెలిడే, అనిర్ధారితం” అని, ప్రజాతి తెలిసి జాతి తెలియకపోతే “పాంథెరా జాతి” అని, పోలిక బలంగా ఉండి పూర్తి రుజువు లేకపోతే “స్మైలోడాన్ ఫాటాలిస్‌తో పోల్చదగినది” అని రాయాలి. శాస్త్రజ్ఞులు తమ పత్రాల్లో పాటించే పద్ధతి ఇదే. “అనిర్ధారితం” అని రాయడం చిన్నతనం కాదు. తప్పు పేరు ఒకసారి లేబులు మీదకెక్కితే, తరువాత వచ్చేవారు దానినే ఆధారంగా తీసుకుంటారు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పరిమాణాన్ని బట్టి నిర్ణయించడం. పెద్ద ఎముక అనగానే అంతరించిన జాతి గుర్తుకు రావడం సహజమే గాని, మగ సింహం ఎముక, చిన్న ఎలుగుబంటి ఎముక ఒకే పొడవులో ఉండవచ్చు. పొడవుకన్నా కీలు ఉపరితలాల ఆకారం ఎంతో నమ్మదగినది.

రెండవది, ముందే ఒక పేరు మనసులో పెట్టుకొని దానికి అనుకూలమైన గుర్తులనే వెతకడం. దీనికి విరుగుడుగా, మీరు అనుకున్న జంతువు కాక మరే రెండు జంతువులు ఈ ఎముకకు సరిపోవచ్చో కాగితం మీద రాసి, వాటిని కొట్టివేసే గుర్తు ఏమిటో ఎదురుగా రాయండి. ఆ గుర్తు దొరకకపోతే మీ నిర్ణయం ఇంకా పక్వం కాలేదన్నమాట.

విరిగిన చోటును సహజ అంచుగా భావించడం మరో పొరపాటు. ఎలుకజాతి జంతువులు కొరికిన సమాంతర గీతలను రంపపు పళ్లుగా, వేరు మీది పగుళ్లను గాడులుగా చదివినవారున్నారు. ఒకే గుంటలో దొరికిన ఎముకలన్నీ ఒకే జంతువువని అనుకోవడం కూడా ఇలాంటిదే. రాంచో లా బ్రియాలో రెండు వేలకు పైగా స్మైలోడాన్‌ల ఎముకలు, అంతకన్నా ఎక్కువ డైర్ వుల్ఫ్‌ల (తోడేలును పోలిన, అంతరించిన జంతువుల) ఎముకలు కలగాపులగంగా దొరికాయి. ఒకే పక్కకు చెందిన ఒకే ఎముక రెండు కనిపిస్తే, అక్కడ కనీసం రెండు జంతువులున్నట్లు.

ఫలితాన్ని సరిచూసుకోవడం

కనీసం రెండు వేర్వేరు లక్షణాలు ఒకే పేరును సమర్థించాలి. ఒకే లక్షణాన్ని రెండు రకాలుగా కొలిస్తే అది రెండు సాక్ష్యాలు కాదు. కోర చదునుగా ఉండడం, దవడ పైమొన పొట్టిగా ఉండడం వేర్వేరు సాక్ష్యాలు. కోర పొడవు, కోర వెడల్పు కావు.

కొన్ని రోజుల తరువాత పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. చిన్న దంతంలో అర మిల్లీమీటరుకు మించి తేడా వస్తే కాలిపర్స్ పెట్టే చోటు మారుతోందని అర్థం. మీ నిర్ణయం చెప్పకుండా మరొకరిచేత ఎముకను పరిశీలింపజేయండి. ఇది చాలా తేలికైన, చాలా తక్కువమంది చేసే పరీక్ష.

చివరగా నిపుణుల అభిప్రాయం కోరండి. దగ్గరలోని మ్యూజియం లేదా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి ఎముక ఆరు వైపుల ఫొటోలు పంపాలి: ముందు, వెనుక, రెండు పక్కలు, పైన, కింద. ప్రతి ఫొటోలో స్కేలు ఎముక ఉపరితలం ఉన్న ఎత్తులోనే ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది. కెమెరాను బాగా దగ్గరగా పెడితే ఆకారం వంకరపోతుంది గనుక కొంత దూరం నుంచి తీసి, తరువాత పెద్దది చేయండి. దంతాల అంచులకు పక్కవెలుగుతో మరో ఫొటో జతచేయండి. దొరికిన స్థలం, పొర, తేదీ, మీ కొలతలు, మీరు చూసిన గుర్తులు, చూడలేకపోయిన గుర్తులు అన్నీ రాయండి. మీరు అనుకున్న పేరును మాత్రం ఉత్తరం చివర పెట్టండి, అప్పుడు చదివేవారు ముందుగా ఎముకను చూస్తారు. జవాబు వచ్చేవరకు ఎముకను ఆమ్లం లేని కాగితంలో చుట్టి, నోటుపుస్తకంలో రాసిన సంఖ్యనే పెట్టె మీద కూడా రాసి, ఎండ, తేమ తగలని చోట ఉంచండి.